పాత రంగు తీయుట: అల్-ఖిలీ నుండి ఆటోనగర్ దాకా

ఇంజను భాగాలకు కొత్త రంగు వేయవలెనంటే ముందు పాత రంగు తీయాలి. పాతదాని మీదే కొత్తది పూస్తే నాలుగు రోజులు మెరిసి, ఇంజను వేడికి పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది. గ్యారేజీలో చేరిన కుర్రవాడికి ఈ సంగతి మొదటి వారంలోనే తెలుస్తుంది. కాని ఇంత మామూలు పనికి కూడ పెద్ద చరిత్ర వున్నదని, దాని మొదట్లో ముస్లిం శాస్త్రజ్ఞుల కృషి వున్నదని చాలమందికి తెలియదు. ఆ చరిత్ర మనకు చెప్పేది ఒక్కటే మాట. రంగును తినే ప్రతి మందూ లోహాన్నో, మనిషినో కూడ తినగలదు. ఏది దేనిని తింటుందో తెలుసుకోవడమే హునర్.

మన పిల్లలు సైన్సు పాఠంలో చదివే 'ఆల్కలీ' అనే మాట అరబీ నుండి వచ్చింది. ఉప్పు నేలల్లో పెరిగే మొక్కలను కాల్చగా మిగిలిన బూడిదను అరబ్బులు 'అల్-ఖిలీ' అన్నారు. 10వ శతాబ్దం మొదట్లో, అంటే 925 ప్రాంతంలో, మరణించిన మహా వైద్యుడు అబూ బకర్ అల్ రాజీ తన రసాయన గ్రంథం 'కితాబుల్ అస్రార్'లో ఈ బూడిద క్షారాన్ని సున్నంతో కలిపి నీళ్ళలో నానవేసి, వడగట్టి, చాల ఘాటైన క్షారజలం తయారుచేసే విధానం వ్రాసినాడు. నేటి కాస్టిక్ సోడా ద్రావణం కూడ ఆ జాతిదే. అలెప్పో, నాబ్లుస్ పట్టణాలలో ఆలివ్ నూనెతో సబ్బు వండినది ఇలాంటి క్షారంతోనే.

సబ్బుకూ ఇంజను రంగుకూ ఏమిటి సంబంధం అంటారా? చాలా కాలం రంగులను అవిసె నూనెలో కలిపి చేసేవారు. నూనెకు క్షారం తగిలితే సబ్బవుతుంది. వేడి కాస్టిక్ నీళ్ళలో వేసిన ఇనుప సామానుపై నూనె రంగు మెత్తబడి, జారి, నీటిలో కలిసిపోవడం ఇందువల్లనే. ఫ్రాన్సు దేశపు లెబ్లాంక్ 1791లో మామూలు ఉప్పు నుండి సోడా తీసే పద్ధతికి పేటెంటు పొందినాడు. తరువాతి శతాబ్దం చివర విద్యుత్తుతో ఉప్పు నీటినుండి నేరుగా కాస్టిక్ సోడా తీయసాగినారు. బూడిద కోసం మొక్కలు కాల్చే అవసరం పోయి, కర్మాగారాలకు క్షారం చవకగా దొరికింది.

క్షారం వద్దనుకున్నవారు రంగును మంటతో కాల్చి గీకేవారు. ఇక్కడే మొదటి ప్రమాదం వున్నది. ఆనాటి తెల్లరంగులో సీసపు సఫేదా, ఇనుము తుప్పు పట్టకుండా వేసే ఎర్ర ప్రైమరులో సీసపు సిందూరం వుండేవి. కాల్చితే పొగలోను, పొడిగా గీకితే దుమ్ములోను సీసం మనిషిలోకి పోతుంది. పనివాని బట్టలతో ఇంటికి వచ్చి పసిపిల్లల మెదడుకు చేటు చేస్తుంది. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగులలో సీసం పదిలక్ష భాగాలలో 90 భాగాలు మించరాదని 2016లో నిబంధనలు వచ్చినవి. అవి ఇంటి రంగులకు, అలంకరణ రంగులకు సంబంధించినవి. పాత ఇంజను మీద ఏ రంగున్నదో ఎవరూ చీటీ అంటించి పంపరు గదా!

1870లో అమెరికావాడైన టిల్గ్‌మన్ ఇసుకను ఆవిరితోగాని గాలితోగాని వేగంగా చిమ్మే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. గంటలకొద్దీ గీకే పని నిమిషాలలో అయ్యేది. కాని నలిగిన ఇసుక ధూళి ఊపిరితిత్తులలో చేరి గట్టిపడి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. వచ్చిన తరువాత దానిని మాన్పే మందు లేదు. బ్రిటన్‌లో 1950 నుండి ఈ పనికి ఇసుక వాడకాన్ని నిషేధించినారు. ఇనుప రవ్వ, గాజు పూసలు మొదలైనవి దాని స్థానంలోకి వచ్చినవి. ఇంజనుకు వేరే గండం కూడ వున్నది. ఆయిలు దారులలో రవ్వంత ఇసుక మిగిలినా బేరింగులను అరగదీస్తుంది.

ఇక మోటారు యుగం. 1920ల నడుమ డ్యూకో అనే త్వరగా ఆరే లాకరు కార్లకు వచ్చింది. అది నూనె రంగు కాదు, తిన్నరుకు లొంగే రంగు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఎపాక్సీ, రెండు డబ్బాల పాలీయూరిథేను రంగులు వచ్చినవి. ఇవి తిన్నరుకూ లొంగవు, క్షారానికీ సులభంగా లొంగవు. అంతేగాక గేరు బాక్సు, టైమింగు కవరు వంటివి అల్యూమినియంతో పోయసాగినారు. కాస్టిక్ సోడాలో అల్యూమినియం కరిగిపోతుంది, మండే హైడ్రోజను వాయువు వెలువడుతుంది. పోత ఇనుప బ్లాకుకు మంచి చేసే మందు పక్కనున్న కవరుకు విషమన్న మాట.

అప్పుడు మిథిలీన్ క్లోరైడు రిమూవరు వచ్చింది. పూసిన కొద్దిసేపటికే రంగు ముడతలు పడి లేస్తుంది, లోహానికి దెబ్బ తగలదు. అందరూ సంతోషించినారు. కాని దాని ఆవిరి పీల్చినవాని ఒంట్లో అది కార్బన్ మోనాక్సైడుగా మారి, రక్తానికి ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. తలుపులు మూసిన గదులలో పనిచేస్తూ పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. యూరపులో 2009లో దీనిపై ఆంక్షలు నిర్ణయించినారు. అమెరికాలో 2019లో మామూలు కొనుగోలుదారులకు అమ్మకం ఆపి, 2024లో చాలా వాడకాలను నిషేధించినారు.

మన ప్రాంతానికి వస్తే, 1932లో నిజాం రైల్వేలో రోడ్డు రవాణా విభాగం 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమైనది. అప్పటినుంచి హైదరాబాదు షెడ్ల నుండి విజయవాడ ఆటోనగర్ దాకా ఇంజను పని ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. మన కుటుంబాలు అందులో తక్కువేమీ కాదు. ఉస్తాద్ చేతి నుండి శాగిర్ద్ చేతికి విద్య అందింది గాని, పుస్తకంలోని హెచ్చరిక మాత్రం అంతగా అందలేదు. డబ్బా మీద ఇంగ్లీషులో వ్రాసినది చదివి చెప్పేవాడు షెడ్డులో వుండడు.

అందుచేత పెద్దలకు నాలుగు మాటలు. ముందు కిరసనాయిలుతో జిడ్డు కడిగించండి. అయస్కాంతం అంటితే ఇనుము, అంటకపోతే అల్యూమినియమో మరొకటో అనుకొని దానిని కాస్టిక్ దగ్గరకు పోనీయకండి. కాస్టిక్‌ను నీటిలో కొద్దికొద్దిగా వేయాలి గాని కాస్టిక్ మీద నీళ్ళు పోయరాదు, చిమ్మి కళ్ళు పోతాయి. చేతికి రబ్బరు తొడుగు, కంటికి అద్దాలు తప్పనిసరి. రిమూవరు పని ఆరుబయటనే చేయాలి, ముక్కుకు రుమాలు కట్టుకుంటే ఆ ఆవిరి ఆగదు. పాత రంగును పొడిగా గీకక తడిపి గీకాలి. పని బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకరాదు. రంగు తీసిన ఇనుమును వెంటనే కడిగి ఆరబెట్టి ప్రైమరు వేయకపోతే ఆ పూటే తుప్పు మొదలవుతుంది.

మరొక్క మాట. 2016 సవరణ తరువాత 14 ఏండ్ల లోపు పిల్లవానిని షెడ్డులో పనికి పెట్టుకోవడం చట్టవిరుద్ధం. ఆ వయస్సులో వాడుండవలసినది బడిలో. అల్-ఖిలీ అనే మాట వాడు ముందు పుస్తకంలో నేర్చుకోవాలి, పుండు పడిన చేతితో కాదు. మన సంఘం సెలవు దినాలలో గ్యారేజీ యువకులకు ఇలాంటి విషయాలు తెలుగులోను, ఉర్దూలోను చెప్పించే ఏర్పాటు చేస్తే అది కూడ ఖిద్మతే అవుతుంది. హలాల్ రోజీ కోసం కష్టపడే మన బిడ్డలకు అల్లాహ్ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.