తుపాకి: పిట్టల గొట్టం

ఫిలింనగర్ సినిమాల్లో పేలే తుపాకులు చాలావరకు ఉత్తవే. మాట మాత్రం అసలు సిసలైన వేటగాళ్లది. టర్కీ భాషలో ‘తుఫెక్’, పారసీకంలో ‘తుఫంగ్’. అదే మన దాకా వచ్చి ‘తుపాకి’ అయింది. 11వ శతాబ్దంలో కాష్గరీ అనే పండితుడు రాసిన తుర్కిక్ భాషల నిఘంటువులో దీని పూర్వరూపం కనిపిస్తుంది. అక్కడ దాని అర్థం విల్లో అనే చెట్టు కొమ్మ బెరడుతో చేసిన గొట్టం. అందులో ఉండ పెట్టి పిచ్చుకల్ని కొట్టేవారట. మందుగుండు తర్వాతి సంగతి.

మన పిట్టలదొర గుర్తొస్తాడు కదూ! ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి, నోటినిండా కోతలు. తెలంగాణ పల్లెల్లో అతనికి ‘తుపాకి రాముడు’ అనే పేరూ ఉంది. పేలని తుపాకితో జనాన్ని పడగొట్టడంలో సినిమావాళ్లకు పెద్దన్న అతనే అంటాను. 2019లో బిత్తిరి సత్తి కథానాయకుడిగా అదే పేరుతో సినిమా కూడా వచ్చింది. కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971)తో తెలుగు తెరకు కౌబాయ్ తుపాకి అందింది. పిట్టలదొర కట్టె తుపాకి అంతకు ముందు నుంచే సంతల్లో తిరుగుతోంది.

ఇక ‘తూటా’ అనే మాట హిందుస్తానీ దారిన వచ్చింది. ‘గురి’, ‘వేట’ మాత్రం మన ఇంటివే.