లండను–సిడ్నీ గగనమార్గము

లండను, సిడ్నీ నగరముల నడుమ ఆకాశదూరము ఇంచుమించు 17,000 కిలోమీటర్లు. ఈ కొలత నాటికిని నేటికిని ఒక్కటియే. ప్రయాణకాలము మాత్రము నెలనుండి ఒక దినమునకు దిగివచ్చినది. ఇందులకు విమానవేగమే కారణమని లోకము తలచుచున్నను, దారిలోని మజిలీలు తొలగిపోవుటయు అంతటి బలమైన కారణమేయని ఈ మార్గచరిత్రను పరికించినవారికి తోచకమానదు.

1919లో ఆస్ట్రేలియా ప్రభుత్వము బ్రిటనునుండి ఆస్ట్రేలియాకు విమానములో వచ్చినవారికి 10,000 పౌనుల బహుమతిని ప్రకటింపగా, రాస్ స్మిత్, కీత్ స్మిత్ సోదరులు ఇద్దరు మెకానిక్కులను వెంటబెట్టుకొని, విక్కర్స్ విమీ విమానములో నవంబరు 12న లండను చెంతనున్న హౌన్స్‌లోనుండి బయలుదేరి, డిసెంబరు 10న డార్విను చేరిరి. ఆ 28 దినములలో వారు గాలిలో నున్నది సుమారు 135 గంటలు మాత్రమే. తక్కిన కాలమంతయు నేలమీదనే గడచినది. దారిలోని సురబయలో చక్రములు బురదలో కూరుకొనిపోగా, ఊరివారు వెదురు చాపలు తెచ్చి బాటగా పరచిరి. ఆ చాపలమీదినుండియే విమానము పైకి లేచినది.

1935లో ప్రయాణికులకు దారి తెరచిననాడు బ్రిస్బేనునుండి లండనునకు పండ్రెండున్నర దినములు పట్టెడిది. అందులో బ్రిండిసినుండి పారిసువరకు రైలుప్రయాణమే! విమానయాన మనిపించుకొన్నదానిలో రైలుకును పాలుండుట నేటివారికి వింత గొలుపును.

1942లో ఈ దారిలోని సింగపూరు జపానువారి వశముకాగా ఈ మార్గము తెగిపోయినది. మరుసటి యేడు క్వాంటాస్ సంస్థ పెర్తునుండి సింహళమందలి కొగ్గల సరస్సునకు కాటలీనా జలవిమానములను నడప నారంభించెను. నడుమ నున్నది దిగుటకు చోటులేని హిందూమహాసముద్రము. వేగము గంటకు సుమారు 200 కిలోమీటర్లు మాత్రమే. ఇంధనభారముచేత టపా కొంతయు, ప్రయాణికులు ముగ్గురును తప్ప మరి దేనికిని తావు లేకుండెను. శత్రువు చెవిని బడకుండ రేడియోను మౌనముగా నుంచి, చుక్కలను చూచి దారి తెలిసికొనుచు, 27 మొదలు 33 గంటలవరకు ఎగిరి, ఒక్క ప్రయాణములోనే రెండు సూర్యోదయములను చూచెడివారు. దానికి గుర్తుగా ప్రయాణికులకొక పత్రము నొసగెడివారు. మజిలీలు లేని దూరప్రయాణమునకు ఈ మార్గమున తొలి పాఠము యుద్ధమే నేర్పినదనవలెను.

1947 డిసెంబరు 1న సిడ్నీ విడిచిన కాన్‌స్టెలేషన్ విమానము డార్విను, సింగపూరు, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో ఆగుచు నాలుగు దినములలో లండను చేరినది. ఎగిరినది 55 గంటలు. జెట్ విమానములు వచ్చిన పిదప మజిలీ లొక్కొక్కటే రాలిపోయినవి. 1989లో బోయింగ్ 747-400 లండనునుండి సిడ్నీకి ఎక్కడను ఆగక 20 గంటల 9 నిమిషములలో వచ్చినది. అయినను అది టిక్కెట్టు కొన్నవారి ప్రయాణము కాదు. అట్టివారికి 2018 మార్చిలో పెర్తు–లండనుల నడుమ, 14,498 కిలోమీటర్ల దూరము, సుమారు 17 గంటల ఏకధాటి ప్రయాణము లభించినది.

2024లో పశ్చిమాసియా గగనతలమును తప్పించుకొనవలసివచ్చి, పెర్తునుండి పోవు ఆ విమానమే ఇంధనమునకై సింగపూరులో దిగినది. లండనునుండి వచ్చునపుడు పడమటిగాలి వెనుకనుండి త్రోయుటచేత ఆ యవసరము కలుగలేదు.