మంచు కొండ మీద మరీ తెరేస్

మంచు అంటే మనకు ధనుర్మాసంలో ముగ్గు వేసేటప్పుడు కాళ్ళకు చల్లగా తగిలేదే. స్విట్జర్లాండు కొండపల్లెల్లో అలా కాదండీ. అక్కడ పసిపిల్లలు కూడా కాళ్ళకు స్కీ బద్దలు కట్టుకుని జారుతూంటారు. 1954లో ఫ్లుమ్స్‌లో పుట్టిన మరీ తెరేస్ నాడిగ్ అలాంటి పిల్లే.

స్కీ పందాల్లో డౌన్‌హిల్ అని ఒకటుంది. కొండ పైనుంచి ఒక్క ఊపున కిందికి రావాలి. స్లాలమ్‌లోలాగా అడుగడుక్కీ మలుపులుండవు, అందుకే వేగం ఎక్కువ. కాలు తడబడిందా, ఎముకలు దక్కవు. గెలుపోటములు సెకనులో నూరోవంతుల లెక్క.

1972 ఫిబ్రవరిలో జపానులోని సప్పోరోలో ఒలింపిక్స్ జరిగాయి. అందరి కళ్ళూ ఆస్ట్రియా అమ్మాయి ఆన్‌మరీ ప్రోయెల్ మీదే. నాడిగ్‌కు పదిహేడేళ్ళు, అప్పటికి ఒక్క ప్రపంచ కప్ పందెమైనా గెలిచింది కాదు. అయిదో తేదీ డౌన్‌హిల్‌లో ఆ పిల్ల ప్రోయెల్‌ను 32 నూరోవంతుల తేడాతో వెనక్కి నెట్టేసింది! ఏదో అదృష్టంలే అన్నవాళ్ళుంటే, మూడు రోజులకే జెయింట్ స్లాలమ్‌లో వాళ్ళకు జవాబు దొరికింది. అందులోనూ నాడిగే మొదట, ప్రోయెల్ రెండు.

మీకిక్కడ ఒక సంగతి చెప్పాలి. స్విస్ ఆడవాళ్ళకు జాతీయ ఎన్నికల్లో ఓటు హక్కు వచ్చింది 1971 ఫిబ్రవరి 7న. అదీ మగవాళ్ళు ఓట్లు వేసి సరేనంటేనే! మన అమ్మమ్మలు 1951–52లోనే బారులు తీరి ఓటు వేసి వచ్చారు కదా. ఎంత ధనిక దేశమైతేనేం? అప్పట్లో అక్కడ ఓటుకు ఇరవై ఏళ్ళు నిండాల్సి ఉండేది. నాడిగ్ ఓటు వేసే వయసు రాకముందే దేశానికి రెండు స్వర్ణాలు తెచ్చింది.

తర్వాత దారి నున్నగా సాగలేదు. 1976లో ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో ఫ్లూ జ్వరం వచ్చి డౌన్‌హిల్ పందేనికే దిగలేకపోయింది. 1980 శీతాకాలంలో ప్రపంచ కప్ డౌన్‌హిల్ పందాలు దాదాపు అన్నీ ఆమెవే. తీరా లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం ప్రోయెల్‌కు, కాంస్యం ఈమెకు.

ఆ ఏడే ప్రోయెల్ విరమించింది. 1981లో మొత్తం ప్రపంచ కప్ నాడిగ్‌ది. ప్రోయెల్ లేదు కనుక వచ్చిందిలే అంటారేమో! ప్రోయెల్ బరిలో ఉండగానే 1980 డౌన్‌హిల్ కప్ ఎవరిదో ఇందాకే విన్నారు. ఆ 1981లోనే, ఇరవై ఏడేళ్ళకు, ఆమె కూడా పందాలు మానేసింది. అప్పటికి ప్రపంచ కప్ పందాల్లో ఆమె గెలుపులు 24.