కీర్తి మందిరపు తలుపు

అమెరికాలో బేస్‌బాల్ అను ఆట యున్నది. మన క్రికెట్టువలె అదియు కర్రతో బంతిని కొట్టు ఆటయే. అందలి ఘనులను సన్మానించుటకు 1939లో కూపర్స్‌టౌన్ అను చిన్న యూరిలో కీర్తి మందిరమును తెరచిరి. ఎన్నుకొనబడినవారి ముఖరూపముతో కంచు ఫలకమును గోడకు బిగింతురు. పేరు కీర్తి మందిరమే గాని, ఉత్త కీర్తికి దాని తలుపు తెరువబడలేదు.

ఆ దినములలో జోష్ గిబ్సన్ అను నల్లజాతి ఆటగాడుండెను. అతని దెబ్బ చూచుటకు జనులు గుంపులుగా వచ్చుచుండిరి. అయినను తెల్లవారి పెద్ద జట్లు నల్లవారిని చేర్చుకొనకుండెను. గిబ్సన్ 1947 జనవరిలో 35 ఏండ్లకే మరణించెను. మూడు నెలలైన నిండకముందే, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్ ఆ గడప దాటెను. మూడు నెలలు!

1966లో టెడ్ విలియమ్స్ అను ప్రసిద్ధ ఆటగాడు అచ్చట సన్మానము పొందెను. తన్ను పొగడుచున్న ఆ గడియలోనే అతడు గిబ్సన్‌ను, సాచెల్ పేజ్‌ను పేరుపెట్టి తలచుకొని, అవకాశ మియ్యబడనందుననే వారిక్కడ లేరనియు, ఎన్నడైన వారి పేళ్లును చేరవలెననియు పలికెను. అట్టివారు అరుదు సుమా.

పేజ్ 1971లో చేర్చబడి, ఆ సన్మానమును కన్నులార చూచుకొనెను. గిబ్సన్ పేరు 1972లో చేరెను. అప్పటికి అతడు చనిపోయి 25 సంవత్సరములు. పిట్స్‌బర్గులోని అతని సమాధిమీద పేరు చెక్కిన రాయియైనను అప్పటి కింకను లేకుండెను.