లిమోజిన్ అద్దెకు తీసుకుంటున్నారా? హంగుల కన్నా ముందు కాగితాలు చూడండి

స్ట్రెచ్ లిమోజిన్లలో చాలావరకు ఫ్యాక్టరీ నుంచి అంత పొడవుగా రావు. మామూలు కారునో, పెద్ద ఎస్‌యూవీనో మధ్యకి కోసి, అదనపు ముక్క అతికించి సాగదీస్తారు. బండి బరువు పెరుగుతుంది, ఆ భారమంతా బ్రేకుల మీద పడుతుంది. లోపల లైట్లు, సోఫాలు చూసి మురిసిపోయేవాళ్లే గానీ ఈ సంగతి అడిగేవాళ్లు తక్కువ.

అడగకపోతే ఏమవుతుందో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం చూసింది. 2018 అక్టోబర్ 6న 17 మంది బంధుమిత్రులు పుట్టినరోజు వేడుకకు బయల్దేరారు. తాగి సొంత కార్లు నడపకూడదన్న జాగ్రత్తతోనే వాళ్లు లిమో మాట్లాడుకున్నారు. వచ్చింది 2001 మోడల్ ఫోర్డ్ ఎక్స్‌కర్షన్. స్కోహరీ దగ్గర పల్లంలోకి దిగుతుండగా బ్రేకులు పనిచేయలేదు. బండి కూడలి దాటి దూసుకుపోయి ఆగి ఉన్న వాహనాన్ని ఢీకొంది. ప్రయాణికులంతా, డ్రైవర్, అక్కడ నిలబడి ఉన్న ఇద్దరు, మొత్తం 20 మంది చనిపోయారు. నెల రోజుల ముందే తనిఖీలో ఫెయిలైన బండి అది, రోడ్డు మీదికి రాకూడదని అధికారులు చెప్పారు కూడా. అంతమందిని ఎక్కించుకునే బండికి కావాల్సిన లైసెన్సు డ్రైవర్‌కు లేదు. బండి నడిపించిన సంస్థ నిర్వాహకుడికి 2023లో 5 నుంచి 15 ఏళ్ల జైలు శిక్ష పడింది.

అదే రాష్ట్రంలో 2015లో యూ-టర్న్ తీసుకుంటున్న లిమోను పికప్ వాహనం గుద్దడంతో నలుగురు యువతులు ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండు ఘటనల తర్వాత 2020లో చట్టాలు బిగించారు. తొమ్మిది, అంతకు మించి సీట్లున్న అద్దె బండి నడపాలంటే ప్రయాణికుల రవాణాకు ప్రత్యేక అనుమతి ఉన్న కమర్షియల్ లైసెన్సు కావాలి. పొడిగించిన లిమోల్లో ప్రతి సీటుకూ బెల్టు ఉండాలి. వాటికి యూ-టర్న్ నిషేధం.

బారాత్‌కు పొడుగు కారే కావాలనే దుల్హాలు మన దగ్గరా ఉన్నారు. అయితే ఇక్కడ చట్టం ఇంకో వైపు నుంచి అడ్డుపడుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఉండేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అంటే వీధి చివరి షెడ్డులో కోసి అతికించిన కారు ఎంత మెరిసినా లాభం లేదు.

షాదీకి ఏ బండి మాట్లాడుకున్నా బయానా ఇచ్చే ముందు నంబర్ ప్లేటు చూడాలి. డ్రైవర్‌తో సహా అద్దెకు తిరిగే ట్యాక్సీకి పసుపు ప్లేటు, నల్ల అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు బండి సొంత వాడకానికే, దాన్ని కిరాయికి తిప్పుతుండగా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టొచ్చు. ఆర్‌సీ, పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఫోటోలు ముందే వాట్సాప్‌లో తెప్పించుకుని, నంబర్‌ను ఎంపరివాహన్ యాప్‌లో కొడితే వివరాలు తెలుస్తాయి. ఆర్‌సీలో ఎన్ని సీట్లు రాసి ఉంటే అంతమందే ఎక్కాలి. ఫోటోలు పంపడానికి ఓనర్ నసుగుతున్నాడంటే వేరే బండి చూసుకోవడమే.