చిల్లుల కాగితం

తొర్రూరు నుంచి విద్యార్థులను వెంటబెట్టుకుని హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళాను. సంగీత గడియారం ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టింది. కమ్మరి బొమ్మ సుత్తి వేస్తూనే ఉంది. మా పిల్లవాడొకడు “సార్, లోపల ఎవరున్నరు?” అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం అది కొట్టిపారేయవలసిన ప్రశ్నగా తోచలేదు.

ఆ గడియారం కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీది. అక్కడి వస్తువుల్లో అధికభాగం సేకరించినవాడు మూడవ సాలార్‌జంగ్. ఆయన సంపదకు ఆధారం జాగీరు. ఆయన 1949లో మరణించాడు. అదే ఏడు జాగీర్లు రద్దయ్యాయి. 1951లో మ్యూజియం తెరిచారు.

ఈ గడియారానికి ఒక దాయాది ఉన్నది: తనంతట తాను మోగే పియానో. ధనికుల ఇళ్ళకోసం దానికి బంగారుపూత, నగిషీలు, వర్ణచిత్రాలు పెట్టేవారు. పెంబర్తి పనివాళ్ళ చేతులను ఎరిగిన మనం ఆ నగిషీని తక్కువ చేయనక్కరలేదు. అయితే దాని చరిత్ర పైపెట్టెలో లేదు, లోపల తిరిగే కాగితపు చుట్టలో ఉన్నది. కాగితంలో చిల్లు వచ్చినచోట గాలి కదులుతుంది, ఆ గాలి బలంతో సుత్తి తీగమీద పడుతుంది.

ఈ ఉపాయానికి పుట్టిల్లు సంగీతశాల కాదు, సాలెమగ్గం. 1804లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జకార్డు తన యంత్రాన్ని రూపొందించాడు. చిల్లుల అట్టలే ఏ పోగు లేవాలో నిర్ణయిస్తాయి. ధర్మవరం పట్టుచీర అంచు చూసినవారికి ఆ అట్టలు కొత్త కాదు. అదే లియోన్‌లో పట్టునేత కార్మికులు 1831లోనూ, 1834లోనూ తిరుగుబాటు చేశారు. సంగీత చరిత్రకారులు ఈ సంగతిని సాధారణంగా తమ పరిధిలోకి రానివ్వరు!

1895లో అమెరికాలో ఎడ్విన్ వోటీ పియానోలాను తయారుచేశాడు. 1904లో జర్మనీ వెల్టే కంపెనీ వాద్యకారుడి స్పర్శలోని హెచ్చుతగ్గులను కూడా చుట్టమీదికి ఎక్కించింది. వ్యాపారం పెరిగింది. మరి స్వరకర్తకు ఏమి ముట్టింది? 1908లో అమెరికా సుప్రీంకోర్టు, చిల్లుల కాగితాన్ని మనిషి చదవలేడు కనుక అది స్వరలిపికి నకలు కాదన్నది. అంటే కంపెనీ అతనికి చెల్లించవలసినదేమీ లేదన్నమాట. మరుసటి ఏడు చట్టం చుట్టకు రెండు సెంట్లు నిర్ణయించింది. యంత్రం శ్రమను దాచిపెట్టడం ఒక ఎత్తు, న్యాయస్థానమే ఆ దాపరికానికి ముద్రవేయడం మరొక ఎత్తు.

రేడియో, విద్యుత్ గ్రామఫోను, 1929 ఆర్థిక సంక్షోభం కలిసి ఈ పియానోను మూలకు నెట్టాయి. మూలపడ్డ యంత్రాన్ని మళ్ళీ పట్టుకున్నవాడు కాన్లన్ నాన్‌కారో. అమెరికా కమ్యూనిస్టు, 1937లో స్పెయిన్ వెళ్ళి ఫ్రాంకో సేనలతో పోరాడాడు. స్వదేశం పాస్‌పోర్టు నిరాకరించగా 1940లో మెక్సికో చేరాడు. తన సంగీతాన్ని వాయించే బృందం అక్కడ దొరకలేదు. 1947లో చిల్లులుపొడిచే యంత్రం ఒకటి చేయించుకున్నాడు. అప్పటినుంచి కొద్ది నిమిషాల రచనకోసం నెలల తరబడి, ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క చిల్లు తన చేత్తోనే పొడిచాడు.