తోలుబొమ్మలాట పునరుద్ధరణము : హాస్యపాత్రల స్థానము

తోలుబొమ్మలాట ఆంధ్రుల ప్రాచీన దృశ్యకళలలో నొకటి. క్రీ.శ. 13వ శతాబ్దివాడగు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున, తెరచాటున బొమ్మల నాడించి భారతాది కథలను ప్రదర్శించువారిని పేర్కొనియున్నాడు. ఇట్టి కళను నేటి ప్రేక్షకుల కెట్లు అందింపవలెనను ప్రశ్నను పటాన్‌చెరువు, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతపు శ్రామికుల దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. ఈ ప్రాంతమున నీ సంప్రదాయము పూర్వము ప్రబలియుండెనని మేము వాదించుట లేదు. ఇచ్చటి ప్రేక్షకుని నేటి కాలమునకు ప్రతినిధిగ గ్రహించుచున్నాము.

వెనుకటి ప్రదర్శనము రాత్రి భోజనములైన పిమ్మట మొదలై తెల్లవారువరకు సాగెడిది. తెల్లని తెర వెనుక ఆముదపు దీపములు వెలుగగా, రంగులు వేసిన తోలుబొమ్మలు తెర కానుకొని ఆడెడివి. వానిలో కొన్ని నిలువెత్తు మనుష్యునంత యుండును. యుద్ధఘట్టములలో ఆటగాండ్రు కాలిక్రింది చెక్కలను త్రొక్కి ధ్వని కల్పించెడివారు. కథ రామాయణ భారతములదే యైనను, ప్రేక్షకుని తెల్లవార్లు మేల్కొలిపి యుంచినది కథ యొక్కటియే కాదు. నడుమ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరపైకి వచ్చి కలహించుకొందురు. ఊరి సంగతులను ఎత్తిపొడుతురు. పురాణపాత్రల పద్యములు పరంపరాగతములు. వీరి మాటలు పెక్కు అప్పటికప్పుడు పుట్టునవి.

చలనచిత్రములును, పిమ్మట టెలివిజనును గ్రామరాత్రుల నాక్రమించిన తరువాత ఈ యాట క్షీణించెను. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంట కళాకారులు అదే తోలుతో ల్యాంపుషేడ్లను, గోడచిత్రములను చేసి జీవనము సాగించుచున్నారు. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక సూచిక లభించినది. 2020లో ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ ప్రకటింపబడినది. ఇవి సంతోషకరములే. కాని భౌగోళిక సూచిక చట్టము వస్తువునకు సంబంధించినది. ప్రదర్శనమున కది రక్షణ కల్పింపజాలదు. బొమ్మ నిలిచినంతమాత్రమున ఆట నిలిచినదని తలపరాదు.

ఇక ప్రేక్షకుని సంగతి. 1960వ దశకమున రామచంద్రాపురమున భారీ విద్యుత్పరికరముల కర్మాగారము వెలసినది. తరువాత పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారము పారిశ్రామిక వాడలు విస్తరించినవి. తెలుగువారితోపాటు ఒడిశా, బీహారు మొదలగు రాష్ట్రముల కార్మికులును ఇచ్చట పనిచేయుచున్నారు. షిఫ్టులలో పనిచేయువారికి తెల్లవార్లు ఆట చూచు తీరిక లేదు గనుక ప్రదర్శనమును గంటకో, రెండు గంటలకో కుదింపక తప్పదు.

అట్లు కుదించునపుడు పురాణఘట్టముల నుంచి హాస్యమును తొలగింపవలెనని తోచుట సహజము. అందు అశ్లీలమును, స్త్రీని చులకన చేయు మాటలును గలవను ఆక్షేపణ కాదనరానిది. అయినను ఆ మాటలు మారదగినవే కాని పాత్రలు త్యజింపదగినవి కావు. మారుట వాని స్వభావమే. నేటి జుట్టుపోలిగాడు రాత్రి షిఫ్టు ముగించి వచ్చి, పగటి షిఫ్టునకు పోవు బంగారక్కతో వంట యెవరిదని వాదులాడవచ్చును. మాట తెలియని ఒడిశా కార్మికునికిని ఆ కలహము బోధపడును. రావణఛాయ యను తోలుబొమ్మలాట గల నాడు వానిది.

హాస్యము లేని సంక్షిప్త రామాయణము తోలుబొమ్మల చిత్రప్రదర్శనము మాత్రమే కాగలదు. పునరుద్ధరణమునకు పూనుకొన్నవారు కళాకారులకు బొమ్మల వెలతోపాటు ఆటకు తగిన ప్రతిఫలమును, క్రొత్త మాట కల్పించు స్వేచ్ఛను సమకూర్పవలెనని మా యభిప్రాయము.